మోడు చిగురించని అడవి: ఒక ప్రాజెక్టు డైరీ

2024 నవంబర్ 3

ఈ ఏడాది ఏప్రిల్, మే నెలల్లో ఉత్తరాఖండ్‌లోని అల్మోరా, నైనీతాల్ పరిసరాల్లో పైన్ అడవులు తగలబడిన వార్తలు అందరం చూశాం. జూన్‌లో మా జూనియర్ కళాశాల తెరిచిన వారంలోనే ఇంటర్ రెండో సంవత్సరం విద్యార్థిని ఒకమ్మాయి లేచి, "మేడమ్, ఆ చెట్లు వానలకు మళ్ళీ చిగురిస్తాయా?" అని అడిగింది. చిగురిస్తాయని అప్పటికప్పుడు చెప్పేశాను. ఇంటికి వచ్చి ఆలోచిస్తే, నేను చెప్పిన జవాబు నల్లమలకు సరిపోతుందే తప్ప పైన్ అడవికి సరిపోదని తెలిసింది.

నల్లమలలో వేసవి మంట ఎక్కువగా రాలిన ఆకుల మీదుగా, గడ్డి మీదుగా పాకిపోతుంది. తునికి, నల్లమద్ది, టేకు వంటివి పైన కాలినా వేరు బతికి ఉంటుంది కనుక తొలకరి పడగానే మొదట్లోంచీ వేళ్ళలోంచీ పిలకలు వేస్తాయి. బీడీ ఆకు లేతగా రావాలని తునికి పొదలకు నిప్పు పెట్టే అలవాటు వచ్చింది కూడా ఈ గుణం వల్లనే. "మోడు చిగురించింది" అన్న మాట మన నోట అంత తేలికగా పలకడానికి కారణం మనం చూసే అడవి అలాంటిది కావడమే. పైన్, స్ప్రూస్, ఫర్ వంటి శంకుధారి చెట్లలో, అంటే పొలుసుల శంకువుల్లో గింజలు కాసే చెట్లలో, చాలా వాటికి ఈ శక్తి లేదు. కానరీ దీవుల పైన్, కాలిఫోర్నియా తీరపు రెడ్‌వుడ్ వంటి కొన్నింటిని మినహాయిస్తే, కొమ్మల దాకా కాలిన శంకుధారి చెట్టు చచ్చినట్టే లెక్క. అక్కడ అడవి తిరిగి రావాలంటే మళ్ళీ విత్తనం నుంచే పుట్టాలి.

అందువల్ల ఆ అమ్మాయి ప్రశ్న మూడు ప్రశ్నలుగా మారింది. మంట తరువాత విత్తనం ఎక్కడి నుంచి వస్తుంది? అది ఎలాంటి నేల మీద పడితే మొలుస్తుంది? మొలిచినది నిలుస్తుందా? మొదటి ప్రశ్నకు ఉపగ్రహ చిత్రాలు చూడాలని, మిగిలిన రెండింటికి మల్కాజిగిరిలోని మా ఇంటి మేడ మీద కుండీలు పెట్టాలని నిర్ణయించుకున్నాను. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న మా అన్నయ్య కొడుకు చిత్రాల పనిలో సాయం చేస్తానన్నాడు.

నవంబర్ 10

ఎంచుకున్నది చీర్ పైన్, అంటే సంస్కృతంలో సరళ వృక్షమని పిలిచే హిమాలయపు చెట్టు. దీని విత్తనాలు డెహ్రాడూన్ నుంచి తపాలాలో తెప్పించాను. ఒక్కో గింజ బియ్యపు గింజ కంటే పెద్దదిగా, గోధుమ రంగులో, పల్చటి రెక్కతో ఉంది. గాలిలోకి వదిలితే గిరగిర తిరుగుతూ దిగుతుంది. రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, తేలిన వాటిని తీసేసి, మునిగిన వాటిలో 120 గింజలు లెక్కపెట్టాను.

మట్టి కుండీలు 12, ఒక్కోదానిలో 10 గింజలు. నాలుగు కుండీల్లో ఇసుక కలిపిన ఎర్రమట్టి మాత్రమే ఉంది. ఇంకో నాలుగింటిలో అదే మట్టి మీద కట్టెల బూడిద పొర వేశాను. మిగిలిన నాలుగింటిలో మట్టి మీద నాలుగు వేళ్ళ మందాన ఎండు సూదుల పొర పరిచాను. ఉత్తరాఖండ్‌లో పిరూల్ అని పిలిచే పైన్ సూదులు ఇక్కడ దొరకవు కనుక సరుగుడు చెట్ల కింద రాలినవి ఏరి తెచ్చాను. సరుగుడు చూడటానికి పైన్ లాగే ఉన్నా అది పూలు పూసే మొక్కల జాతికి చెందినదని, మనం సూదులనుకునేవి నిజానికి దాని సన్నని రెమ్మలని విద్యార్థులకు ప్రతి ఏడాదీ చెబుతూనే ఉంటాను. నేలను కప్పి ఉంచడానికి అవి సరిపోతాయి.

ప్రతి రకంలోనూ రెండు కుండీలను దక్షిణం వైపు పిట్టగోడ పక్కన ఎండలోను, రెండింటిని నీళ్ళ ట్యాంకుకు ఉత్తరాన నీడలోను ఉంచాను. కొండకు రెండు వైపుల పరిస్థితిని మేడ మీదికి తెచ్చుకునే మార్గం ఇంతకంటే తట్టలేదు.

నవంబర్ 17

మొదటి వారమే ఎదురుదెబ్బ తగిలింది. పావురాలు ఎండలోని కుండీలన్నింటినీ కెలికి గింజలు తినేశాయి. నష్టం నాదే అయినా ఇది అడవిలో జరిగేదే. ఎలుకలు, ఉడతలు, పిట్టలు రాలిన పైన్ గింజల్లో పెద్ద వాటా తినేస్తాయి. అయితే అన్ని పిట్టలూ నష్టమే చేయవు. ఉత్తర అమెరికా ఎత్తైన కొండల్లో వైట్‌బార్క్ పైన్ శంకువులు వాటంతటవి విచ్చుకోవు. క్లార్క్స్ నట్‌క్రాకర్ అనే పక్షి వాటిని చీల్చి గింజలు తీసి, కొన్ని కిలోమీటర్ల దూరం మోసుకుపోయి, శీతాకాలం కోసం నేలలో దాచుకుంటుంది. తినకుండా మిగిలిపోయినవి మొలుస్తాయి. కాలిన చోట్లలో కూడా ఆ పక్షి గింజలు దాస్తుంది కనుక, చుట్టూ బతికిన చెట్టు లేని చోటికి కూడా ఆ పైన్ చేరగలుగుతుంది.

బూడిద కుండీల్లో మరో తప్పు బయటపడింది. పొర మరీ మందంగా వేయడం వల్ల నీళ్ళు తగిలిన బూడిద పెంకులా గట్టిపడి, ఆ పైన పోసిన నీరు లోపలికి ఇంకకుండా అంచుల వెంట జారిపోయింది. కట్టెల బూడిదకు క్షారగుణం ఎక్కువ కనుక గింజకు అది మంచిది కూడా కాదు. పొరను గీరేసి, నేల రంగు మారేంత పల్చగా మాత్రమే చల్లాను. తిన్న గింజలకు బదులు కొత్తవి వేసి, అన్ని కుండీల మీదా చేపల వల కట్టాను.

డిసెంబర్ 8

మొదటి మొలక నవంబర్ 29న కనిపించింది. ఇవాళ్టికి 43 మొలిచాయి.

ఒక మొలకను భూతద్దంతో గంట సేపు చూశాను. కాండం మొదట మెడ వంచుకుని కొక్కెంలా పైకి వస్తుంది. తల ఇంకా గింజ పెంకులోనే ఇరుక్కుని ఉంటుంది. నిటారుగా లేచాక ఆ పెంకు తల మీద టోపీలా నిలిచి ఉంటుంది. లోపలి బీజదళాలు తమ ఆహారాన్ని పూర్తిగా పీల్చుకుని ఉబ్బిన తరువాత పెంకు ఒక పక్కకు ఒరిగి జారిపోయింది. జారిన వెంటనే దళాలు గొడుగు చువ్వల్లా విచ్చుకున్నాయి. లెక్కపెడితే 11 ఉన్నాయి. చిక్కుడుకు రెండు, మొక్కజొన్నకు ఒకటి అని పాఠం చెప్పి చెప్పి, ఒక మొక్కకు 11 బీజదళాలు ఉండటం కళ్ళారా చూసినప్పుడు కలిగిన సంతోషం మామూలుది కాదు.

కుండీల మధ్య తేడా ఇప్పటికే స్పష్టంగా ఉంది. ఎర్రమట్టిలోను, పల్చటి బూడిదలోను మొలకలు దాదాపు సమానంగా ఉన్నాయి. సూదుల పొర ఉన్న నాలుగు కుండీల్లో కలిపి నాలుగే వచ్చాయి. ఒక దానిలో పొరను మెల్లగా ఎత్తి చూస్తే, మొలవని గింజలు అనుకున్న వాటిలో కొన్ని నిజానికి మొలిచాయి. వాటి వేరు సూదుల మధ్య ఖాళీలో వేలాడుతూ, మట్టిని అందుకోకముందే ఎండిపోయింది. తల్లి చెట్టు రాల్చిన సూదులే పిల్ల మొలకకు అడ్డు. నేల మంట ఆ పొరను కాల్చి ఖనిజ మట్టిని బయటపెట్టడం పైన్ విత్తనానికి ఎంత పెద్ద మేలో ఆ ఎండిన వేరును చూస్తే అర్థమైంది. కాలిఫోర్నియాలోని జెయింట్ సెకోయా వంటి మహావృక్షాల చిన్న గింజలకు కూడా బూడిద పడిన ఇలాంటి ఖాళీ నేల కావాలి.

డిసెంబర్ 22

ఉపగ్రహ చిత్రాల పని మొదలుపెట్టాం. దీనికి అమెరికాలోని యెల్లోస్టోన్ జాతీయ పార్కు కంటే మంచి చోటు లేదు. 1988 వేసవిలో అక్కడ సుమారు 3,200 చదరపు కిలోమీటర్ల మేర మంటలు వ్యాపించాయి. పార్కులో అది మూడో వంతు కంటే ఎక్కువ. మన జీహెచ్ఎంసీ పరిధి 2024లో సుమారు 650 చదరపు కిలోమీటర్లని గుర్తు చేసుకుంటే, అలాంటి హైదరాబాదులు దాదాపు ఐదు. వేల మంది సిబ్బంది పోరాడినా చివరికి వాటిని అణచినది సెప్టెంబర్ 11న కురిసిన వాన, మంచు.

ఆ అడవిలో ఎక్కువ భాగం లాడ్జ్‌పోల్ పైన్. ఈ చెట్టు విత్తనాలను దాచుకునే పద్ధతి అసాధారణం. కొన్ని చెట్ల శంకువులు పండిన తరువాత కూడా విచ్చుకోవు. వాటి పొలుసులను ఒక బంక అతికించి ఉంచుతుంది. అవి ఏళ్ళ తరబడి కొమ్మకే ఉండి, లోపలి గింజలను సజీవంగా కాపాడతాయి. సుమారు 45 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ వేడి తగిలితే బంక కరుగుతుంది. మంట కొమ్మలను కాల్చి వెళ్ళిపోతుంది, చెట్టు చచ్చిపోతుంది, నల్లబడిన శంకువులు మాత్రం ఆ తరువాత విచ్చుకుని, అప్పుడే ఖాళీ అయిన నేల మీద గింజలు రాలుస్తాయి. అన్ని లాడ్జ్‌పోల్ చెట్లకూ ఇలాంటి మూత శంకువులు ఉండవు. యెల్లోస్టోన్‌లోనే తక్కువ ఎత్తులో ఇవి ఎక్కువగా, పై ఎత్తుల్లో తక్కువగా కనిపిస్తాయి. అందువల్లనే 1988 తరువాత మొలకల సాంద్రత ఒక చోటికీ మరో చోటికీ పొంతన లేకుండా, హెక్టారుకు కొన్ని వందల నుంచి లక్షల దాకా మారింది.

నేలలో కూడా చాలా ప్రాణం మిగిలింది. చాలా చోట్ల వేడి నేలలోకి అంగుళం లోతును మించి దిగలేదు. గడ్డి, పూల మొక్కల వేళ్ళు ఆ కింద బతికే ఉన్నాయి. ఈ విషయం మా చిత్రాల పనిలో ఎంత ఇబ్బంది పెట్టబోతోందో అప్పటికి నాకు తెలియదు.

2025 జనవరి 4

ఈ రోజు ప్రయోగశాలలో శంకువులతో పని. విత్తనాలతో పాటు తెప్పించిన ఆరు చీర్ పైన్ శంకువులను పిల్లలు నీళ్ళలో వేస్తే, విచ్చుకుని ఉన్న పొలుసులు తరగతి ముగిసేలోగా దగ్గరకు ముడుచుకున్నాయి. చెట్టు నుంచి ఎప్పుడో రాలిన చచ్చిన శంకువు కదలడం చూసి వాళ్ళు నమ్మలేకపోయారు. పొలుసు లోపలి వైపు, బయటి వైపు తేమను వేరువేరుగా పీల్చుకుంటాయి కనుక తడిస్తే ముడుచుకుంటుంది, ఆరితే విచ్చుకుంటుంది. దీనికి ప్రాణంతో పని లేదు.

లాడ్జ్‌పోల్ బంక ఎలా పనిచేస్తుందో చూపించడానికి, ముడుచుకున్న రెండు శంకువులను కరిగించిన కొవ్వొత్తి మైనంలో ముంచాం. ఒకటి వారం తరువాత 60 డిగ్రీల ఓవెన్‌లో పెట్టాలి, రెండోదాన్ని వేసవి దాకా దాచాలి. లాడ్జ్‌పోల్ శంకువు లోపల ఎండి, విచ్చుకోవడానికి బిగువుతో సిద్ధంగా ఉంటుందని, బంక దాన్ని పట్టి ఉంచుతుందని, మన శంకువులో మాత్రం మైనం తడిని బయటికి పోనివ్వదు కాబట్టే అది మూసుకుని ఉందని పిల్లలకు ముందే చెప్పాను. పోలిక పూర్తిది కాదని తెలిసి వాడుకుంటే తప్పులేదని నా నమ్మకం.

జనవరి 19

ఓవెన్ శంకువు విచ్చుకుంది. మైనం పళ్ళెంలోకి కారిపోయి, మరునాటికి పొలుసులు టిక్కుటిక్కుమంటూ తెరుచుకుంటుంటే, పక్క తరగతి పిల్లలు కూడా వచ్చి చూశారు.

చిత్రాల విషయానికి వస్తే ఈ రెండు వారాల పని వృథా అయింది. ఎందుకు వృథా అయిందో వివరంగా రాయాలి, ఇలాంటి పని మొదలుపెట్టే వాళ్ళకు ఉపయోగపడుతుంది.

మేము వాడుతున్నవి భూమిని ఫొటోలు తీసే అమెరికా ఉపగ్రహాలు ల్యాండ్‌శాట్‌ల చిత్రాలు. 1984లో ఎగిరిన ల్యాండ్‌శాట్ 5 దాదాపు మూడు దశాబ్దాలు పనిచేసింది. 2013 నుంచి ల్యాండ్‌శాట్ 8, 2021 నుంచి ల్యాండ్‌శాట్ 9 ఆ పని కొనసాగిస్తున్నాయి. ఒక్కో చుక్క నేల మీద 30 మీటర్ల చదరం. 2008 నుంచి ఈ భాండాగారం అందరికీ ఉచితం. గూగుల్ ఎర్త్ ఇంజిన్‌లో వీటన్నింటినీ ఇంట్లో కూర్చునే జల్లెడ పట్టవచ్చు. కాలిన తీవ్రతను కొలవడానికి ఎన్‌బీఆర్ అనే సూచిక ఉంది. దగ్గరి పరారుణ కాంతి పరావర్తనం నుంచి పొట్టి తరంగ పరారుణ పరావర్తనాన్ని తీసివేసి, ఆ రెండింటి మొత్తంతో భాగిస్తే అది వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న ఆకు మొదటి కాంతిని బాగా తిప్పికొడుతుంది, దానిలోని నీరు రెండోదాన్ని పీల్చుకుంటుంది. కాలిన నేల దీనికి సరిగ్గా తలకిందులు. ఉదాహరణకు అడవి విలువలు 0.25, 0.10 అనుకుంటే సూచిక 0.43 వస్తుంది. కాలిన తరువాత అవే 0.12, 0.25 అయితే సూచిక మైనస్ 0.35. తేడా 0.78. తేడా 0.66 దాటితే తీవ్రంగా కాలినట్టు లెక్క. 1988 శరత్తులో పొగ, మేఘం ఎక్కువ కనుక మేము 1987, 1989 ఆగస్టు చిత్రాలను పోల్చాం.

కాలిన చోట్ల నుంచి రెండు ముక్కలు, కాలని చోట నుంచి పోలిక కోసం ఒక ముక్క ఎంచుకుని 1985 నుంచి 2023 దాకా గీత గీశాం. 1988 దగ్గర గీత లోయలోకి పడి, తరువాత మెల్లగా పైకి లేచింది. అంతా బాగుందనుకుంటుండగా 2013లో మళ్ళీ నిట్టనిలువుగా పడిపోయింది. 2013లో అంత పెద్ద మంట ఏమిటా అని ఒక రాత్రంతా వెతికాను. చివరికి మా అన్నయ్య కొడుకే అడిగాడు: "అత్తా, కాలని ముక్క కూడా అదే ఏడాది పడిపోయింది చూశావా?" అప్పుడు తెలిసింది. ఈ ఉపగ్రహాలు ఒక్కో రకం కాంతిని ఒక్కో పట్టీగా (బ్యాండ్) విడివిడిగా నమోదు చేస్తాయి. ల్యాండ్‌శాట్ 5లో దగ్గరి పరారుణం నాలుగో పట్టీ. ల్యాండ్‌శాట్ 8లో అది ఐదో పట్టీ, నాలుగోది ఎరుపు. మేము దానిలోనూ నాలుగో పట్టీనే తీసుకున్నాం. ఆకులు ఎరుపును పీల్చేసుకుంటాయి కనుక మా లెక్కలో ప్రతి పచ్చని చెట్టూ కాలినట్టు కనిపించింది.

పోలిక ముక్క లేకపోతే ఈ తప్పు ఎప్పటికీ దొరికేది కాదు. ల్యాండ్‌శాట్ 7 చిత్రాలను కూడా పక్కన పెట్టాం. 2003 మే నెలలో దానిలోని ఒక పరికరం చెడిపోయినప్పటి నుంచి ప్రతి చిత్రంలోనూ నల్లటి చారలే.

ఫిబ్రవరి 9

గీతలన్నీ మళ్ళీ గీశాం. 2013 లోయ మాయమైంది. కాలని ముక్క 38 ఏళ్ళ పొడవునా దాదాపు సమంగా నడిచింది.

పార్కు పడమటి భాగంలో మరో ముక్క చేర్చాం. అక్కడ 2016లో లోయ కనిపించింది. ఈసారి కూడా ఎక్కడో తప్పు చేశామనుకుని పట్టీల సంఖ్యలు మూడుసార్లు సరిచూశాను. పోలిక ముక్క చెక్కుచెదరలేదు. ఇది నిజమైన మంటే. 2016లో మేపుల్ ఫైర్ అనే మంట 1988లో కాలిన ప్రాంతంలోనే, అంటే 28 ఏళ్ళ లేత పైన్ అడవిలోనే చెలరేగింది.

ఈ ఒక్క లోయ మీద నేను వారం రోజులు ఆలోచించాను. యెల్లోస్టోన్ వంటి ఎత్తైన చోట్ల ఇలాంటి పెద్ద మంటల మధ్య వ్యవధి మామూలుగా నూరు నుంచి మూడు వందల ఏళ్ళ దాకా ఉంటూ వచ్చింది. ఆ వ్యవధిలో చెట్లు పెరిగి, శంకువులు పేర్చుకుని, కొమ్మల మీద ఒక విత్తనాల గాదెను సిద్ధం చేసుకుంటాయి. లేత లాడ్జ్‌పోల్ మొదటి కొన్ని దశాబ్దాల్లో కాసే శంకువులు ఎక్కువగా మామూలుగా విచ్చుకునేవే. మూత శంకువులు వయసు వచ్చిన కొద్దీ ఎక్కువవుతాయి. గాదె నిండకముందే రెండో మంట వస్తే ఏం జరుగుతుంది? విస్కాన్సిన్-మాడిసన్ విశ్వవిద్యాలయానికి చెందిన మోనికా టర్నర్ 1988 మంటల నుంచి ఆ అడవిని వదలకుండా గమనిస్తున్న శాస్త్రవేత్త. ఆమె బృందం 2016లో మళ్ళీ కాలిన చోట్లలో మొలకలు లెక్కపెట్టి, 2019లో ప్రచురించిన పరిశోధనలో సాంద్రత ఆరో వంతుకు పడిపోయిందని చూపించింది. కొన్ని చోట్ల 1988 మంటలకు చచ్చి పడిపోయిన దుంగలు కూడా మిగలకుండా కాలిపోయాయి.

మన రైతుకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు. విత్తనాల కుండ ఖాళీ అయిన ఏడాదే పంట పోతే ఎలా ఉంటుందో ఆయనకు తెలుసు. మంట వల్ల అడవి చావదు, ఆ అడవికి మంట కొత్త కాదు. వ్యవధి కురచ కావడమే దాన్ని దెబ్బతీస్తుంది.

మార్చి 16

ఇంటర్ పరీక్షల పర్యవేక్షణ మధ్య దొరికిన సమయంలో ఈ పని చేశాను. నా దృష్టిలో ప్రాజెక్టు మొత్తంలో ముఖ్యమైన భాగం ఇదే.

రెండో చోటుగా అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో వచ్చిన హేమన్ మంటను తీసుకున్నాం. 2002 జూన్ 8న మొదలై, డెన్వర్‌కు తాగునీరిచ్చే చీజ్‌మన్ జలాశయం చుట్టూ సుమారు 56,000 హెక్టార్ల మేర వ్యాపించింది. అక్కడిది ఎక్కువగా పాండరోసా పైన్. ఈ చెట్టుకు మూత శంకువులు లేవు. దీని రక్షణ మందమైన బెరడు. కింది కొమ్మలు రాల్చేసుకుని, తరచుగా వచ్చే చిన్న నేల మంటలను తట్టుకునేలా పెరుగుతుంది. కొమ్మల దాకా మంట లేస్తే చెట్టుతో పాటు విత్తనమూ పోతుంది. అప్పుడు అంచున బతికిన చెట్ల నుంచి గాలికి గింజలు రావాలి. పైన్ గింజల్లో ఎక్కువ భాగం తల్లి చెట్టుకు కొన్ని పదుల మీటర్ల లోపే పడిపోతుంది. హేమన్‌లో కిలోమీటర్ల వెడల్పున ఒక్క చెట్టూ మిగలని మచ్చలు ఉన్నాయి.

ఆగస్టు చిత్రాలతో ఎన్‌డీవీఐ అనే పచ్చదనపు సూచిక గీసి చూస్తే రెండు చోట్లా గీత కొన్నేళ్ళకే పైకి లేచింది. ఆ గీతను నమ్మితే హేమన్ కోలుకున్నట్టే. గడ్డి, పొదలు కూడా పచ్చగానే ఉంటాయి, ఆ సూచికకు పైన్ ఏదో గడ్డి ఏదో తెలియదు. వేళ్ళు బతికి ఉన్న గడ్డి మొదటి వేసవికే లేస్తుంది. నేను డిసెంబర్‌లో రాసుకున్న అంగుళం లోతు సంగతి ఇక్కడ అడ్డం వచ్చింది.

దీనికి పరిష్కారం మా మేడ మీద నుంచి దొరికింది. శీతాకాలం చివరికి ఎదురింటి ఖాళీ స్థలంలో గడ్డి అంతా పండి తెల్లబడింది, కుండీలోని పైన్ మొక్క మాత్రం పచ్చగానే ఉంది. కొలరాడోలో అయినా అంతే కదా! గడ్డి ఎండిపోయి, మంచు ఇంకా పడని సెప్టెంబర్ చివరి, అక్టోబర్ చిత్రాలు తీసుకుంటే అప్పటికీ పచ్చగా ఉన్నది సతత హరిత వృక్షమే అయి ఉండాలి. అలాంటి చిత్రాలు ఏడాదికి ఒకటి రెండుకు మించి దొరకవు. మంచు మరకలున్న వాటిని ఒక్కొక్కటిగా కళ్ళతో చూసి తీసేశాం. ఆస్పెన్ వంటి ఆకురాల్చే చెట్లు ఈ లెక్కలోకి రావని కూడా గుర్తుంచుకోవాలి. 1988 తరువాత యెల్లోస్టోన్‌లో ఆస్పెన్ మొలకలు అనుకోని చోట్ల గింజల నుంచి పుట్టాయి కనుక అది చిన్న విషయం కాదు.

శరత్కాలపు చిత్రాల్లో రెండు చోట్ల దారులూ విడిపోయాయి. యెల్లోస్టోన్ ముక్కల్లో అక్టోబర్ పచ్చదనం ఏటేటా పెరుగుతూ వచ్చింది. హేమన్ మచ్చ నడిబొడ్డున అది నేలబారుగానే ఉండిపోయింది. అంచుల వెంట, బతికిన చెట్ల పక్కన, ఉత్తరపు వాలుల్లో మాత్రమే సన్నని ఆకుపచ్చ కుట్టు కనిపిస్తుంది. తెర మీద ఆ కుట్టును పెద్దది చేసి చాలా సేపు చూస్తూ కూర్చున్నాను. ఒక్కో చుక్క 30 మీటర్లు. అడవి తన గింజను గాలి మీద ఎంత దూరం విసరగలదో ఆ చుక్కల వెడల్పులోనే ఉంది. అక్కడ అటవీ శాఖ వాళ్ళు నారు నాటుతున్నది కూడా ఇందుకే.

యెల్లోస్టోన్‌లో 1988 మంట అంత పెద్దదైనా, మధ్య మధ్యలో కాలని, తేలికగా కాలిన ముక్కలు చాలా మిగిలాయి. తీవ్రంగా కాలిన నేలలో ఎక్కువ భాగం అలాంటి ఏదో ఒక ముక్కకు 200 మీటర్ల లోపే ఉంది. మంట వైశాల్యం ఎంత అని పత్రికలు రాస్తాయి. అడవి తిరిగి రావడాన్ని నిర్ణయించేది మాత్రం ఆ వైశాల్యం లోపల చెట్టుకు చెట్టుకు మధ్య మిగిలిన దూరం.

ఏప్రిల్ 13

మొలకలు మొత్తం 51 దాకా వచ్చాయి. ఎర్రమట్టిలో 24, పల్చటి బూడిదలో 21, సూదుల పొరలో 6. బీజదళాల గొడుగు మధ్య నుంచి నీలి పూత ఉన్న ఒంటి సూదులు వచ్చాయి. మూడేసి సూదులు కలిసి ఉండే అసలు ఆకు ఇంకా రాలేదు.

నీడలో నాలుగైదు పిల్ల మొలకలు మొదలు కుళ్ళి పడిపోయాయి. నేను ఎక్కువ నీళ్ళు పోయడమే కారణం. ఎండలోని వాటికి వేరే కష్టం వచ్చింది. పోయిన శని, ఆదివారాలు ఒక పెళ్ళికి వరంగల్ వెళ్ళాం. రెండు రోజులు నీళ్ళు లేవు. తిరిగి వచ్చేసరికి దక్షిణపు పిట్టగోడ పక్కన 21లో 15 మొలకలు గడ్డిపరకల్లా వాలిపోయి ఉన్నాయి. మట్టిని తాకి నిలిచే మెడ భాగంలో సన్నటి గోధుమ రంగు కట్టు కనిపించింది. పైన ఆకు ఇంకా పచ్చగానే ఉంది. కాలిన నల్లటి నేల ఎండకు మరింత వేడెక్కుతుంది, మొలక మొదట ఉడికేది ఆ మెడ దగ్గరే. నీడ ఇచ్చే పెద్ద చెట్లు లేని దక్షిణపు వాలుల మీద విత్తనం ఉన్నా అడవి ఎందుకు నిలవదో నేను చిత్రాల్లో చూసి తెలుసుకున్నదాని కంటే ఆ గోధుమ కట్టు చూసి ఎక్కువ తెలుసుకున్నాను.

హిమాలయపు చీర్ పైన్ వేడికి అలవాటు పడిన చెట్టు. దానికే రెండు రోజుల్లో ఇలా అయితే, చలి కొండల లాడ్జ్‌పోల్ మొలకకు వేడెక్కుతున్న వేసవులు ఎంత బరువో ఊహించగలను.

మే 18

దాచిన మైనపు శంకువును ఏప్రిల్ చివర మేడ నేల మీద, ఎండలో ఉంచాను. నాలుగో రోజుకు మైనం మెత్తబడి కిందికి జారింది. నేలకు ఆనిన వైపు పొలుసులు విచ్చుకున్నాయి, పై వైపు ఇంకా మూసుకునే ఉన్నాయి. లాడ్జ్‌పోల్ చెట్లు నరికి కొమ్మలు నేల మీద వదిలేసిన చోట్ల, నేల వేడికే మూత శంకువులు కొన్ని తెరుచుకుంటాయన్నది ఇదే.

ఇవాళ్టి లెక్క: నీడలో 22, ఎండలో 4. ఎండలో మిగిలిన నాలుగింటిలో మూడు ఒకే కుండీలో, పిట్టగోడకు ఆనించి మరిచిపోయిన పాత చీపురు నీడ పడే చోట ఉన్నాయి. ఆ చీపురును అక్కడి నుంచి తీయవద్దని ఇంట్లో అందరికీ చెప్పాను. కాలిన అడవిలో పడిపోయిన దుంగల పక్కన మొలకలు బతకడానికి కూడా ఇదే కారణం.

మొదట ప్రశ్న అడిగిన అమ్మాయి డిగ్రీలో వృక్షశాస్త్రం తీసుకుంటానని చెప్పడానికి ఇంటికి వచ్చింది. మేడ మీదికి తీసుకువెళ్ళి, నిరుడు తనకు తప్పు జవాబు చెప్పానని ఒప్పుకుని, కుండీలు చూపించాను. చీర్ పైన్ లేత మొక్కలు, శంకుధారి జాతిలో అరుదుగా, పైన కాలినా మొదలు నుంచి మళ్ళీ పిలక వేయగలవని చెబితే, "అయితే మీరు చెప్పింది పూర్తిగా తప్పు కాదు కదా మేడమ్" అంది. పెద్ద చెట్టు విషయంలో తప్పే అన్నాను.

వాటికి ఆ శక్తి రావాలంటే మొదలు కాస్త లావెక్కాలి. అందుకని నీడలోని 22లో ఆరింటిని రెండేళ్ళ పాటు పెద్ద కుండీల్లో పెంచి, 2027 వేసవిలో మూడింటిని నేలమట్టానికి కత్తిరించి, మూడింటి చుట్టూ ఎండు సూదులు కాల్చి చూడాలని ఇద్దరం అనుకున్నాం. తనూ రెండు కుండీలు ఇంటికి తీసుకువెళ్ళింది. వాళ్ళ ఇల్లు మూడో అంతస్తు, ఉత్తరం వైపు బాల్కనీ. నీళ్ళు రోజు విడిచి రోజు, మట్టి పైపొర ఆరాకే పోయాలని కాగితం మీద రాసిచ్చాను.